సిరా మరక సంచి

ఆయన మనుషులను ముఖం చూసి గుర్తుపట్టేవారు కారు. గుడ్డ చూసి గుర్తుపట్టేవారు. వీధిలో ఎవరైనా ఎదురైతే కుశలప్రశ్న సగంలో ఉండగానే వారి చొక్కా అంచునో, ఉత్తరీయపు కొసనో బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ ఉంచుకొని మెల్లగా నలిపేవారు. నాడి పట్టిన వైద్యునికుండే ఏకాగ్రత ఆ క్షణంలో ఆయన ముఖాన కనిపించేది. పిదప తీర్పు వెలువడేది. "దీనికింకా రెండేండ్లుండాది." లేదా, "ఇది ఉగాది దాటదప్పా. పారేయొద్దు, నాకియ్యి." ఒకసారి మా పాఠశాల తనిఖీకి వచ్చిన అధికారి వరండాలో నిలబడి కాఫీ త్రాగుతుండగా, ఈయన వెనుకనుండి వెళ్ళి ఆయన కోటు చేతిని పట్టుకున్నారు. అధికారి ఉలిక్కిపడి వెనుదిరిగితే, "ఏమీ లేదు సార్. మీరు ఇడిచినాక దీంట్లో నాలుగు కండ్లద్దాల తిత్తులొస్తాయి" అన్నారు, ఎంతో వినయంగా. మా ప్రధానోపాధ్యాయుడు ఆ పూట భోజనం చేయలేదు.

పోయిన నెలలో పెనుకొండలో మా ఇంటికి ఆయన మనుమరాలి ఫోను వచ్చింది. "అయివారూ, తాత పోయినాడు. పదైదు దినాలాయె. మీ నంబరు ఇప్పుడు దొరికె" అని చెప్పింది ఆ బిడ్డ. పరామర్శకు పెద్దలు వాడే మాటలు నాకు నూరు వచ్చును; ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన ఏ సంవత్సరాన పుట్టారో, ఎంతవరకు చదివారో నాకు తెలియదు. నాకు తెలిసినవి ఆయన చేతులు, ఆయన మాట, ఆయనతో చేసిన ఒక్క రైలు ప్రయాణం.

హిందూపురంలో నేను తెలుగు అయివారిగా పనిచేసిన కాలమంతా వారి ఇంటి వెనుక వాటాలోనే బాడుగకున్నాను. ఇంటికి ముందు భాగం వారి బట్టల అంగడి. కొత్త గుడ్డల తానులు అరలనిండా ఉండేవి. వాటి వ్యవహారమంతా కొడుకు చూసుకొనేవాడు. ఈయన మాత్రం గుమ్మం ప్రక్కన చాప వేసుకొని, ఊరివారు ఇచ్చిన పాత గుడ్డలు ముందు పోసుకొని, ప్రొద్దస్తమానం చేతికుట్టు కుట్టేవారు. సూది ఎప్పుడూ చొక్కా పట్టీకి గుచ్చి ఉండేది. చొక్కా ఆయన చేతిలో సంచి అయ్యేది. దాని గుండీలను ఆయన తీసేవారు కారు. అవే సంచి మూతికి గుండీలయ్యేవి. జేబు జేబుగానే పైకి కనబడుతూ ఉండేది, తాళంచెవులకో చిల్లరకో. ప్యాంటు కాలు నీళ్ళసీసాకు తొడుగయ్యేది. చీర అంచులు పేనితే సంచులకు పిడులయ్యేవి. లుంగీని మెలిపెట్టి చుట్టి, తలమీద బరువులు మోసే ఆడవారికి చుట్టకుదుర్లు చేసేవారు. మిగిలిన పీలికలు కూడా వృథా పోయేవి కావు. వాటిని కూరి సూదులు గుచ్చుకొనే చిన్న దిండ్లు చేసేవారు. ఏ ఒక్కదాన్నీ ఆయన అమ్మగా నేను చూడలేదు. గుడ్డ ఇచ్చినవారికే తిరిగి ఇచ్చేవారు. వారు వద్దంటే దారిన పోయేవారికి ఇచ్చేవారు.

కొడుకుకు ఇది తలవంపుగా ఉండేది. "నాయనా, కొత్త గుడ్డలమ్మే అంగడి ముందర కూర్చోని పాత గుడ్డలు కుడ్తాంటే గిరాకీ యాడొస్తాది? చూసినోళ్లు ఏమనుకుంటారు?" అని వాడు వారానికొకసారైనా అనేవాడు.

"అమ్మేది నీ పని. అమ్మినదాన్ని కడదాకా చూసుకునేది నా పని. ఎవురి పని వాళ్లు చేసుకుందాం" అని ఆయన తల ఎత్తకుండానే దారం ఎక్కించుకొనేవారు.

నా పంచె ఒకటి ఆయన పరీక్షలో తప్పింది. మూడు దినాలలో అది పొడవాటి సంచియై తిరిగి వచ్చింది, పిల్లల జవాబు పత్రాలు మోయడానికని. "అయివారూ, మీ నడుముకుండినన్నాళ్లు ఇది ఏమీ నేర్చుకోలే. ఇంగ జూడండి, పిల్లోళ్ల పేపర్లు మోసి మోసి అన్నీ నేర్చుకుంటాది" అన్నారు. నేను సంస్కృతాంధ్రములలో సమాధానం వెదకుకొనేలోపల ఆయన మరొకరి చొక్కా అంచు పట్టుకొని ఉన్నారు.

ఆయనకొక నియమం ఉండేది. గుడ్డ చేతికి రాగానే, కత్తెర పట్టకముందు, రెండు ప్రశ్నలు అడిగేవారు. "ఎవురిది?" అని మొదటిది. "ఉండారా?" అని రెండవది. లేరు అన్న సమాధానం వస్తే ఆ గుడ్డను నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులతో పట్టుకొని తిరిగి ఇచ్చివేసేవారు. ఎందుకని అడిగితే చెప్పేవారు కారు.

మనుమరాలి పెండ్లి కుదిరినప్పుడు ఆ బిడ్డ తాత ఒళ్ళో తల పెట్టి, "తాతా, వచ్చినోళ్లందరికీ నీ సంచుల్లోనే తాంబూలం ఇయ్యల్ల" అన్నది. కొడుకు అప్పటికే వధూవరుల ఫోటోలు అచ్చువేసిన సంచులకు మాట్లాడి వచ్చి ఉన్నాడు. ఆయన వాని వైపు చూసి, "ఆ ఫోటో సంచుల్లో ఆర్నెల్లకు చెత్త పోస్తారు. పెండ్లికొడుకు మొగం మీద చెత్త! ఇదేమన్నా మర్యాదారా?" అన్నారు. ఆ ఒక్క మాటతో ఫోటో సంచులు ఆగిపోయాయి.

మూడు వందల సంచులు కావలసివచ్చాయి. ఆరు నెలలు ఊరి గుడ్డలన్నీ ఆ చాప మీదికి నడిచివచ్చాయి. సాయంత్రాలు నేను ప్రక్కన కూర్చొని సూదులకు దారం ఎక్కించి ఇచ్చేవాణ్ణి. అంతకు మించిన పనికి ఆయన నన్ను నమ్మలేదు. పెండ్లి నిర్విఘ్నంగా జరిగింది. గళ్ళ సంచులు, చారల సంచులు, పూల సంచులు కొబ్బరికాయలతో ఆకువక్కలతో నిండి నాలుగు దిక్కులకూ వెళ్ళాయి. ఆ రోజు ఆయన కొత్త చొక్కా తొడుక్కున్నారు, తన అంగడిలోని మేలైన తానులోనుండి కుట్టించుకున్నది. ఎవరైనా దాని అంచు పట్టుకొని చూస్తారేమోనని కాబోలు, పందిరంతా కలయదిరిగారు.

మూడవనాడు మా వీధి చివరి ఇంటి ఆమె అంగడికి వచ్చింది. ఆమె భర్త చింతపండు మండీలో తూకాల దగ్గర చీటీలు వ్రాసేవాడు. అంతకు ముందటేడు గుండె ఆగి పోయాడు. పెండ్లిలో ఆమె ముందుకు రాలేదు. వంటల వైపు కూరగాయలు తరుగుతూ ఉండిపోయింది. ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడి కొంగు చివర వ్రేలికి చుట్టుకొంటూ, "అన్నా, ఒక మాట చెప్తా. కోప్పడొద్దు" అన్నది.

"చెప్పు తల్లీ."

"పెండ్లినాడు మీ చుట్టం, పెనుకొండ పిండిమిల్లామె వ్యాను ఎక్కుతాంటే చూసినా. ఆయమ్మ చేతిలో నీలం గళ్ల సంచి. జేబు కింద సిరా మరక."

ఆయన చేతిలోని సూది ఆగింది.

"అది మా ఇంటాయన చొక్కా అన్నా."

ఆయన అడగకముందే ఆమే చెప్పింది. "మా కోడలు ఇచ్చింది. దాని తప్పు గాదు. ఆయన పోయినాక మావాడు రెండు తూర్లు తొడుక్కున్యాడు, కోడలు వాడిదే అనుకునె. నువ్వు అడిగితే 'మా ఇంటాయనది, ఉండాడు' అన్యాదంట." కొంచెం ఆగి మళ్ళీ అన్నది. "ఆయప్ప పెన్నుకు మూత పెట్టేది ఎప్పుడూ మర్చిపోతాండె. ఆ మరక మీద ఎనిమిదేండ్లు రుద్దినా. సబ్బు పెట్టినా, నిమ్మకాయ పెట్టినా. రుద్దినప్పుడంతా తిట్టినా. పోలే. ఇంట్లో ఫోటో ఉండాది అన్నా. ఫోటో ఎవురో స్టూడియోవాడు తీసింది. ఆ మరక ఆయన చేసింది. అది గావల్ల నాకు."

ఆమె వెళ్ళిన తరువాత ఆయన చాలాసేపు తన కుడిచేతి వ్రేళ్ళను చూసుకొంటూ కూర్చున్నారు. "నేనమ్మిన గుడ్డ అయివారూ. నా చేత్తో కొలిచి చించిచ్చిన గుడ్డ. ముట్టుకుంటే తెలియల్ల. మూడు నూర్లు కుట్టల్లనే యావలో ముట్టుకోకుండానే కత్తెర పెట్టినా" అన్నారు.

చిక్కు అంతటితో తీరేది కాదు. ఇచ్చిన తాంబూలం తిరిగి అడగడం మా సీమలో ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ అవమానం, పెండ్లికి అపశకునం. ఎందుకు అడుగుతున్నామో చెబితే అంతకన్నా కీడు. పోయినవారి చొక్కాలో శుభకార్యపు తాంబూలం ఇచ్చారన్న మాట ఒక్క నోట బయలుదేరితే, అత్తవారింట అడుగుపెట్టి నాలుగు దినాలు కాని బిడ్డ చెవికి అది చేరకుండా ఉంటుందా? అడగకపోతే ఈ వీధిలో ఒక ఇల్లాలికి తన మగని చేతి గుర్తు దక్కదు. ఆయన ఈ రెంటి నడుమ ఒక రాత్రి నిద్రపోలేదని వారి ఇల్లాలు చెప్పింది. మరునాడు ఆదివారం. తెల్లవారగానే నా తలుపు తట్టారు. "రాండి, పెనుకొండకు పోదాం. నేనొక్కన్నే పోతే మాట తడబడతాది. మీరుంటే మంచి తెలుగు మాట్లాడతారు" అన్నారు. పెండ్లినాటి కొత్త చొక్కాయే తొడుక్కున్నారు. శుభకార్యం తాలూకు పని మీద పోతున్నప్పుడు పాతది తగదని అన్నారు.

పిండిమిల్లామె వారికి దూరపు చుట్టం. తెల్లని పిండి ధూళిలోనుండి మమ్ములను చూసి, "ఏం మామా! పెండ్లయి నాలుగు దినాలు గాలే, అప్పుడే ఊర్ల మీద పడినావు?" అన్నది.

"ఆ సంచికి ఒక కుట్టు తప్పినా తల్లీ. ఇటియ్యి, సరిచేసిస్తా."

"దానికోసం రైలెక్కొస్తివా! యాడుంది అది? మొన్న మా పిన్నమ్మ ధర్మవరం నుంచి వచ్చిండె. పొయ్యేటప్పుడు శెనక్కాయలు దాంట్లోనే పోసిచ్చినా. నీ కుట్టు తప్పినా కాయ ఒక్కటి రాలలేదులే మామా, కాఫీ తాగిపో!"

మంచి తెలుగు మాట్లాడే అవసరమే నాకు కలుగలేదు. మిల్లు బయటికి వచ్చాక ఆయన నా వైపు తిరిగి, "అబద్ధమాడినానా అయివారూ?" అని అడిగారు. "తప్పు జరిగిన మాట నిజమే కదా" అన్నాను. "కుట్టు తప్పలే. కుట్టినోడు తప్పినాడు" అని ముందుకు నడిచారు. మధ్యాహ్నపు ప్యాసింజరులో కొండ వెనుకబడిపోతుంటే ఆయన కిటికీలోనుండి దాన్ని చూడలేదు. ఎదుటి బల్ల మీది ముసలాయన తువ్వాలును చూస్తూ కూర్చున్నారు. చేయి మాత్రం చాపలేదు. ఆయన ఒక గుడ్డను ముట్టుకోకుండా అంతసేపు ఉండడం నేను చూడలేదు.

ధర్మవరంలో ఆ ఇల్లు నేతపనివారి ఇల్లు. ఆ ఇంటి కొడుకు గుంత మగ్గంలో కాళ్ళుపెట్టి కూర్చొని పట్టుచీర నేస్తున్నాడు. పిండిమిల్లామె పిన్నమ్మ, డెబ్బై దాటిన ముసలామె, రాట్నం ముందర కూర్చొని కండెలకు దారం చుడుతున్నది. మగ్గం ప్రక్క మేకుకు నీలం గళ్ళ సంచి వ్రేలాడుతున్నది. దానినిండా పట్టుదారపు కండెలు, జేబులోనూ రెండు. జేబు క్రింద, మడిచిన చింతాకంత, సిరా మరక.

ఈయన కుట్టు సంగతి ఎత్తారు. ముసలామె సంచిని తీసి, కండెలతోనే ఒళ్ళో పెట్టుకొని, లోపలి కుట్టంతా వ్రేళ్ళతో తడిమింది. నేతపనివారి వ్రేళ్ళు అవి. "యాడ తప్పింది? సూపించు. ఇంత సొగసుగా కుట్టినావు. ఇచ్చిన తాంబూలం ఎనక్కి అడిగే పెండ్లి నేనింతవరకు చూళ్ళేదు గానీ, అబద్ధం చెప్పేది నీకు రాదప్పా. ఆ యవ్వారం ఇడిసిపెట్టి అసలు మాట చెప్పు" అన్నది.

ఆయన చెప్పారు. ఒక్క మాట దాచకుండా, చీటీలు వ్రాసేవాని చొక్కా అనీ, పోయి ఏడాది అయిందనీ, ఆ ఇల్లాలు మరక కోసం అడిగిందనీ అంతా చెప్పారు. మగ్గం చప్పుడు నిలిచిపోయింది.

"అమ్మా! పోయినోళ్లదంట! మగ్గం కాడ పెట్టినామే!" అని కొడుకు గుంతలోనుండి లేవబోయాడు.

"కూర్చోరా. నువ్వు కాళ్లు పెట్టిన గుంత ఎవురిది? మీ తాతది. ఆయన పోయినాక మీ నాయన కూర్చునె. ఆయనా పాయె. పోయినోళ్లది ముట్టుకోకూడదంటే నువ్వు యాడ కూర్చోని నేస్తావు?" అని వాణ్ణి కసిరి, ఈయన వైపు తిరిగింది. "నువ్వూ అట్లే అనుకుంటివా?"

ఇన్నేళ్ళు నాకు చెప్పని మాట ఆయన అక్కడ చెప్పారు. "నేను అంటు అనుకోలేదమ్మా. ఉన్నన్నాళ్లు మోసినారు గదా. పోయినాక గూడా వాళ్ల గుడ్డతో మోయించేది ఎందుకని..."

"మోస్తారులే అప్పా. మనం అడిగితే మోస్తారు. ఎంత బరువెయ్యల్లనో మనం చూసుకోవల్ల, అంతే."

ఆమె కండెలను ఒక్కొక్కటిగా తీసి చేటలో పెట్టింది. తరువాత సంచిని విదిలించి, దానిలో పిడికెడు శెనక్కాయలు పోసి, గుండీలు పెట్టి రెండు చేతులతో అందించింది. "ఉత్త సంచి మా గడప దాటగూడదు. మా పిండిమిల్లు పిల్ల పోసిచ్చిన కాయలే. ఇది నువ్వు ఎనక్కి తీసుకునేది గాదు, నేనిచ్చేది. పో" అన్నది. నలభై ఏళ్ళు ధర్మసందేహాలు గల కావ్యాలు పాఠం చెప్పినవాణ్ణి. ఆ చిక్కుముడి అంత సులువుగా విడుతుందని నాకు తోచలేదు.

ఆయన కదలలేదు. చేటలోని కండెలను చూశారు, వట్టి మేకును చూశారు. మెల్లగా తన చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టారు.

"ఇది పాతది కాదే!" అన్నాను నేను, ఆందోళనతో.

"పాతది చేస్తా, ఉండండి" అని ఆయన కత్తెర అడిగి పుచ్చుకున్నారు.

కొత్త గుడ్డకు ఆయన కత్తెర పెట్టడం నేను చూసినది అదొక్కసారే. బనియనుతో మగ్గం ప్రక్కన నేల మీద కూర్చొని, ఒక గంటసేపు తన పెండ్లి చొక్కాను సంచిగా కుట్టారు. కొడుకు మళ్ళీ నేత మొదలుపెట్టాడు. ముసలామె కాఫీ ఇచ్చి, "గుండీలు గట్టిగుండాయా?" అని ఒక్కొక్కటీ లాగి చూసింది. జేబు లోతు కండెకు సరిపోయిందో లేదో పెట్టి చూసి, చాలదని రెండుసార్లు విప్పించి కుట్టించింది. ఆయన శిష్యునిలా కుట్టారు.

తిరుగు రైలులో ఆయన బనియను మీద నా ఉత్తరీయం కప్పుకొని కూర్చున్నారు. నాకు తెలిసినవారెవరైనా ఎక్కుతారేమోనని నేను ప్రతి స్టేషనులోనూ తల వంచుకొన్నాను. ఎదుట కూర్చున్న గొర్రెలకాపరి ఒకడు ఉండబట్టలేక, "ఏం పెద్దాయనా, చొక్కా యాడపాయె?" అని అడిగాడు.

"ధర్మవరంలో కండెలు మోస్తాండాది" అన్నారు ఆయన. ఆ దినమంతటిలో ఆయన నవ్వింది అప్పుడే.

మరునాటి సాయంత్రం ఆమెకు కబురు పంపారు. సంచిని చాప మీద పరిచి పెట్టి, ప్రక్కన కత్తెర, సూది, నీలపు దారం సిద్ధం చేసుకొన్నారు. ఆమె రాగానే, "నాలుగు దినాలియ్యి తల్లీ. కుట్లన్నీ ఇప్పి మళ్ళా చొక్కా చేసిస్తా. చేతుల కాడ అతుకు కనపడతాది. మిగతాది ఎట్లుండెనో అట్లే" అన్నారు.

ఆమె చాప అంచున కూర్చుని, సంచి జేబులో నాలుగు వ్రేళ్ళు పెట్టింది. బొటనవ్రేలు మాత్రం బయట మరక మీద ఉంచింది. అంగడిలో కొడుకు ఎవరికో తాను విప్పి చూపుతూ ఉండినవాడు గొంతు తగ్గించాడు.

"వద్దన్నా" అన్నది చివరకు. "చొక్కా అయితే బీరువాలో పెట్టి, తలుపు మూసుకోని ఏడుస్తా. సంచి అయితే నాతో అంగడికొస్తాది."

ఆయన కత్తెర వెనుకకు జరిపారు. "ఏమేస్తావు దీంట్లో?"

"కరేపాకు, కొత్తిమీర. అంతే. అంతకన్నా బరువు ఎయ్యను."

ఆయన ఆలోచనలో పడ్డారు. ధర్మవరంలో విన్న మాట ఆయన మనస్సులో తిరుగుతున్నదని నాకు తెలుసు. కాని గుడ్డ సంగతి వచ్చేసరికి ఆయన ఆయనే. "కొత్తిమీర తడిగా ఉంటాది తల్లీ. సిరా కారిపోతాదేమో" అన్నారు.

"ఎనిమిదేండ్లు నేను రుద్ది రుద్ది పోనిది, కొత్తిమీరకు పోతాదా అన్నా!" అని ఆమె పకపక నవ్వింది. నవ్వు నడుమ కొంగు నోటికి అడ్డం వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి, నవ్వు ఆగలేదు.

ఆయన సంచిని మళ్ళీ దగ్గరకు తీసుకొన్నారు. పిడి దగ్గర కుట్టు గట్టిగానే ఉన్నది. అయినా దాని మీద మరి నాలుగు కుట్లు వేశారు. దారాన్ని పంటితో కొరికి, సూదిని చొక్కా పట్టీకి గుచ్చుకొని, సంచి ఆమె చేతికిచ్చారు.

"బిరీన పో తల్లీ. ఈయాళప్పుడు కొత్తిమీర అయిపోతాది."